మంగళవారం రాత్రి అడిగితే గురువారం జవాబు: ఆన్‌లైన్ కోర్సుల అధ్యాపకులకు బహిరంగ లేఖ

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద కోర్సులు నడుపుతున్న ప్రొఫెసర్లకు, వారి టీచింగ్ అసిస్టెంట్లకు, ఆ కోర్సుల బాగోగులు చూసే జాతీయ సమన్వయ సంస్థల వారికి,

నమస్కారం.

మేము తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో మీ కోర్సులకు మెంటర్లుగా ఉన్న లెక్చరర్లం. మీ పాఠాలతో మాకు పేచీ లేదు. వాటిలో చాలా వరకు మేం క్లాసులో చెప్పేవాటికంటే బాగుంటాయి, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మేం రాస్తున్నది వీడియో ఆగిపోయాక మొదలవ్వాల్సిన మాటామంతీ గురించి. ఫలానా కోర్సని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. సబ్జెక్టు ఏదైనా దారం దాదాపు ఒకే చోట తెగుతోంది. ఆ చోటు ఎక్కడో, ముడి ఎలా వేయొచ్చో చెప్పాలని ఈ ఉత్తరం.

2017 జులై 9న స్వయం మొదలైనప్పుడే ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు ఉండాలన్నారు: వీడియో పాఠం, చదువుకునే నోట్సు, తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకునే చర్చావేదిక. మంచానికి నాలుగు కోళ్లలాంటివివి. మొదటి మూడూ ఒకసారి గట్టిగా చేసి పెట్టుకుంటే కోర్సు ఎన్నిసార్లు నడిపినా పనికొస్తాయి. నాలుగోదాన్ని మాత్రం ప్రతి సెమిస్టర్‌లోనూ ఎవరో ఒకరు కూర్చుని కొత్తగా చేయాలి. అందుకే మంచం ఎప్పుడూ ఆ మూలకే ఒరుగుతుంది. ఇదివరకైతే ఈ కోర్సులు ఎక్కువగా ఆసక్తి కొద్దీ తీసుకునేవి, సర్దుకుపోయారు. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవొచ్చని 2021లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధన తెచ్చాక ఇవి డిగ్రీలో ఇదివరకటి కంటే ఎక్కువగా క్రెడిట్లుగా లెక్కకొస్తున్నాయి. ఇప్పుడు జవాబు రాకపోతే పోయేది మార్కులు, ఒక్కోసారి ఏడాది.

ఒక వారం ఎలా గడుస్తుందో చూడండి. అసైన్‌మెంట్ గడువు బుధవారం రాత్రి 11:59 అనుకుందాం. పాఠాలు అంతకు వారం పైగా ముందే వచ్చేస్తాయి. కానీ మా పిల్లలకు సోమవారం నుంచి శనివారం దాకా కాలేజీ, మధ్యలో ల్యాబులు, రికార్డులు. బస్సు దిగి ఇంటికో హాస్టల్‌కో చేరేసరికి చీకటి పడుతుంది. ఆదివారం వీడియోలు చూస్తారు, సోమవారం ప్రశ్నలు తెరుస్తారు, మంగళవారం రాత్రి ఇరుక్కుంటారు. సందేహాలన్నీ గుంపుగా వచ్చిపడేది అప్పుడే. అసిస్టెంటుకు తన పరిశోధన, తన గైడు, తన గడువులు ఉంటాయి కదా, ఆయనకు తీరిక దొరికేది గురువారం. గురువారం వచ్చిన జవాబు ఎంత చక్కగా ఉన్నా పెళ్లయిపోయాక వచ్చిన మేళమే.

అలాగని ఇరవైనాలుగు గంటలూ కాచుకుని కూర్చోమని మేం అడగడం లేదు. జవాబు ఎప్పుడొస్తుందో ముందే చెప్పండి, చెప్పిన వేళకు రండి. అంతే. వేళ తెలిస్తే కుర్రాడు తన ప్రశ్నను ఆ వేళకు ముందే తయారు చేసుకుంటాడు. తెలియకపోతే రెండుసార్లు అడిగి, మూడోసారి వాట్సాప్‌లో ఎవరి జవాబో చూసి నింపేస్తాడు. బుధవారం గడువున్న కోర్సుకు మాకు తోచిన వేళలు ఇవి: శనివారం సాయంత్రం అరగంట, సోమవారం రాత్రి ముప్పావు గంట, మంగళవారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా గంటన్నర. మొత్తం రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. గురువారం, శుక్రవారం ఎవరూ చర్చావేదిక వైపు చూడకపోయినా కొంపేం మునగదు, ఆ సంగతి పిల్లలకు ముందే తెలిస్తే చాలు.

ఇది అయ్యే పనేనా అంటారేమో. 5,000 మంది చేరిన కోర్సులో వారానికి నూటికి ఇద్దరు ప్రశ్న అడిగారనుకోండి, 100 ప్రశ్నలు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పట్టినా 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. నలుగురు అసిస్టెంట్లు పైన చెప్పిన వేళల్లో కూర్చుంటే వారానికి పదకొండు గంటలు చేతిలో ఉన్నట్టు. పైగా ఆ వందలో సగానికి సగం గడువెప్పుడు, ఫైలెక్కడుంది, మార్కులెప్పుడొస్తాయి లాంటివే ఉంటాయి. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో అశోక్ గోయల్ గారు తన ఆన్‌లైన్ కోర్సులో 300 మంది విద్యార్థుల నుంచి ఒక్క సెమిస్టర్‌లో సుమారు 10,000 సందేశాలు వస్తున్నాయని, వాటిలో మామూలు ప్రశ్నలకు జవాబివ్వడానికి 2016లో జిల్ వాట్సన్ అనే కృత్రిమ అసిస్టెంటును తయారు చేశారు. మన దగ్గర అంత యంత్రాంగం అక్కర్లేదు. మొదటి వారంలో ఒక్క మెయిల్ సరిగ్గా రాస్తే ఆ మామూలు ప్రశ్నలు చాలా వరకు పుట్టకుండానే పోతాయి.

ఆ మెయిల్ ఎలా ఉండాలో రాసి చూపిస్తున్నాం:

"ఈ కోర్సులో ప్రశ్నలకు శనివారం 6:30 నుంచి 7 దాకా, సోమవారం 8:30 నుంచి 9:15 దాకా, మంగళవారం 8:30 నుంచి 10 దాకా జవాబులిస్తాం. మిగతా వేళల్లో అడిగిన ప్రశ్న తర్వాతి వేళ దాకా ఆగుతుంది, పోదు. ప్రశ్నతో పాటు నాలుగు సంగతులు రాయండి: ఎన్నో వారం, ఎన్నో ప్రశ్న, మీరు ఎక్కడిదాకా చేశారు, ఎక్కడ ఆగారు. గడువు ముగిసేదాకా మేం జవాబు చెప్పం, దారి చెబుతాం. గడువు దాటాక పూర్తి వివరణ పెడతాం. తెలుగులో రాసినా ఫర్వాలేదు. అసైన్‌మెంటులో తప్పు కనిపిస్తే విషయం పంక్తిలో 'తప్పు' అనే మాటతో మొదలుపెట్టండి, దాన్ని ముందు చూస్తాం. క్షమాపణలు అక్కర్లేదు, ప్రశ్న ఒక్కటి చాలు."

చివరి వాక్యం సరదాకి పెట్టింది కాదు. మా పిల్లలు రాసే మెయిళ్లు చూస్తే మీకే తెలుస్తుంది. 'రెస్పెక్టెడ్ సార్' దగ్గర మొదలై, పేరు, రోల్ నంబరు, కాలేజీ, ఊరు, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ, ఏమీ అనుకోవద్దు అంటూ ఆరు పంక్తులు నడుస్తుంది. అసలు ప్రశ్న ఏడో పంక్తిలో సగం దాకా ఉంటుంది: 'వీక్ ఫోర్ సెవెంత్ క్వశ్చన్ అర్థం కాలేదు సార్.' చిన్నప్పటి నుంచి టీచరును అడగడమంటే ముందు చేతులు కట్టుకోవడమని నేర్పాం మనం. ఆ భయం స్క్రీన్ మీద కూడా పోదు. మర్యాద వద్దని కాదు, 'సార్' అనే ఒక్క మాటలో అది సరిపోతుందని మీరే చెప్పాలి. మేం చెబితే నమ్మరు.

ఇక జవాబుల సంగతి. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

గడువు ముందు జవాబు చెప్పకూడదన్న నియమం సరైనదే. దానితో వచ్చిన చిక్కేమిటంటే అసిస్టెంట్లు ఏ ప్రశ్నకైనా 'లెక్చర్ 4.3 మళ్లీ చూడండి' అని రాసి ఊరుకుంటున్నారు. ఆ కుర్రాడు దాన్ని రెండుసార్లు చూశాకే అడిగాడు. మూడోసారి చూసినా అదే చోట జారతాడు. ఒక చిన్న ఉదాహరణ. పెట్టెలో 10 బల్బులున్నాయి, వాటిలో 3 పాడైనవి. ఒకదాని తర్వాత ఒకటిగా, తీసినది తిరిగి పెట్టకుండా, రెండు బల్బులు తీస్తే రెండూ మంచివే అయ్యే సంభావ్యత ఎంత? విద్యార్థికి 0.49 వచ్చింది. పదిలో ఏడును పదిలో ఏడుతో గుణించాడన్నమాట. ఇక్కడ 'తప్పు, లెక్చర్ చూడండి' అంటే ఏమీ ఒరగదు. 'మీరు మొదటి బల్బు తీసి బల్ల మీద పెట్టారు. ఇప్పుడు పెట్టెలో మొత్తం ఎన్ని? మంచివి ఎన్ని?' అని అడగండి. జవాబు చెప్పినట్టూ కాదు, వదిలేసినట్టూ కాదు. తొమ్మిదిలో ఆరు అని వాడే అంటాడు, 42 బై 90 వాడే రాస్తాడు. ఆ రెండు ప్రశ్నలూ టైపు చేయడానికి పట్టేది అర నిమిషం.

అంటే అసిస్టెంటు చేయాల్సిన పని మూడు మెట్లలో ఉంది. విద్యార్థి ఎక్కడిదాకా సరిగ్గా వచ్చాడో ఒక వాక్యంలో చెప్పాలి. జారిన మెట్టు దగ్గర ఒక ప్రశ్న వేయాలి. పాఠం చూడమనాలనిపిస్తే మొత్తం వీడియో కాకుండా నిమిషం, సెకను చెప్పాలి, '12:40 నుంచి 14:10 దాకా' అని. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ డేటాతో అన్ని సబ్జెక్టులూ నెట్టుకొచ్చే పిల్లవాడికి అరగంట వీడియో మళ్లీ చూడటమంటే సమయం ఒక్కటే కాదు, డేటా కూడా ఖర్చే.

బల్బుల లెక్కకు అసలు జవాబు 0.4667. సంఖ్య టైపు చేయాల్సిన ప్రశ్నలో ఒకరు 0.47 అంటారు, ఒకరు 0.466, ఇంకొకరు 0.467. ప్రశ్న తయారు చేసినవారు ఒక్క 0.467నే ఒప్పుకునేలా పెట్టారనుకోండి, గురువారం పొద్దున చర్చావేదిక తగలబడుతుంది. రెండు జాగ్రత్తలు చాలు. ఎన్ని దశాంశ స్థానాల దాకా రాయాలో ప్రశ్నలోనే చెప్పాలి. ఒప్పుకునే హద్దును, ఉదాహరణకు 0.46 నుంచి 0.47 దాకా అని, ముందే పెట్టాలి. కోర్సు తెరిచేముందు ఒక అసిస్టెంటు కావాలని మూడు రకాలుగా టైపు చేసి చూస్తే దొరికిపోయే పొరపాటిది.

'కీ'లో, అంటే సరైన జవాబుల పట్టికలో, తప్పులు వస్తాయి, మేం పెట్టే ఇంటర్నల్ పరీక్షల్లోనూ వస్తాయి. తప్పు వచ్చినందుకు ఎవరూ కోపగించుకోరు. 'కొన్ని ప్రశ్నల మార్కులు సవరించాము' అన్న ఒక్క పంక్తి ప్రకటన చూసినప్పుడే గొడవ మొదలవుతుంది. ఏ ప్రశ్న? ఎవరికి పెరిగాయి? తగ్గాయా? ఐదు వేల మందికీ ఒకే అనుమానం, అందులో వందమంది రాసినా మీ సాయంత్రం పోయినట్టే. సవరణ ప్రకటనలో ఏడు సంగతులుంటే రెండో మెయిల్ రాదు: వారం, ప్రశ్న నంబరు, ముందు ఇచ్చిన జవాబు, ఇప్పుడు ఒప్పుకుంటున్న జవాబు, ఎందుకు మారిందో ఒక వాక్యం, మార్కులు మారేది ఎవరికి, ఏ తేదీకి కనిపిస్తాయి. మార్కులు ఎవరికీ తగ్గవంటే ఆ మాట మొదటి పంక్తిలోనే పెట్టండి. పిల్లలు చదివేది అదొక్కటే.

గడువు దాటాక సరైన జవాబు చూపించే పద్ధతి ఉంది, మంచిదే. కానీ అక్కడ కనిపించేది 'బి' అన్న అక్షరం మాత్రమే. 'బి' ఎందుకు, తాను ఎంచుకున్న 'డి' ఎందుకు కాదు? అసలు నేర్చుకోవడమంతా ఆ 'ఎందుకు కాదు'లోనే ఉంది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు తప్పు ఎంపికలు, మొత్తం ముప్పై పంక్తులు రాయాలి. ఒకసారి రాసి పెట్టుకుంటే వచ్చే సెమిస్టర్‌కూ పనికొస్తాయి. తప్పు ఎంపికను ఊరికే నింపడానికి పెట్టారా, ఫలానా పొరపాటు చేసేవాడు అక్కడికే వస్తాడని తెలిసి పెట్టారా అన్నది కూడా ఆ పంక్తి రాయబోతేనే మీకు తేలిపోతుంది. 0.49 అనే ఎంపికకు పంక్తి సులభంగా వస్తుంది. 0.31 అని ఏదో పెట్టేస్తే ఏం రాస్తారు?

మెయిళ్ల వరద గురించి రెండు మాటలు. చర్చావేదిక గూగుల్ గ్రూప్ మీద నడుస్తుంటే, అడిగిన ప్రతి ప్రశ్నా, వచ్చిన ప్రతి 'థాంక్యూ సార్' అందరి ఇన్‌బాక్సులోకీ వెళ్తుంది. మూడో రోజుకు విద్యార్థి ఆ మెయిళ్లను చూడటం మానేస్తాడు. పరీక్ష రిజిస్ట్రేషన్ చివరి తేదీ చెప్పే మెయిల్ కూడా ఆ కుప్పలోనే కలిసిపోతుంది. గ్రూప్ పేజీలో 'మై మెంబర్‌షిప్ సెట్టింగ్స్' తెరిచి, సబ్‌స్క్రిప్షన్ దగ్గర 'డైజెస్ట్' ఎంచుకుంటే పాతిక సందేశాల దాకా ఒకే మెయిల్‌గా వస్తాయని మొదటి వారంలోనే చెప్పండి. ప్రకటనలకు వేరే దారి పెట్టండి, వాటికి జవాబు రాసే వీలు ఉండకూడదు. విషయం పంక్తి మొదట్లో 'వారం 4', 'గడువు', 'సవరణ' లాంటి మాట ఉంటే ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించే మొదటి నాలుగు మాటల్లోనే విషయం తెలిసిపోతుంది. 'డియర్ లెర్నర్స్, గ్రీటింగ్స్' అని మొదలైతే ఆ నాలుగు మాటలూ గ్రీటింగ్స్‌కే పోతాయి.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి స్వయం మీద నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో ఏటా ఎవరో ఒకరు పడే గోతి ఒకటుంది. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరే పని, దానికి ఫీజు, విడిగా చివరి తేదీ ఉంటాయి. అసైన్‌మెంట్లన్నీ చేసి, పరీక్షకు రిజిస్టర్ కావాలని తెలియక మిగిలిపోయేవాళ్లుంటారు. 'మీరు కోర్సులో చేరారు, పరీక్షకు ఇంకా చేరలేదు' అన్న ఈ ఒక్క వాక్యాన్ని చివరి తేదీకి పది రోజుల ముందు, మూడు రోజుల ముందు, ఆ రోజు పొద్దున పంపాలి. అది కూడా రిజిస్టర్ కానివాళ్లకే పంపాలి. అందరికీ పంపితే అయినవాళ్లు కంగారుపడి మళ్లీ మీకే రాస్తారు.

లెక్కల విషయంలోనూ ఇలాంటి చీకటే. 12 వారాల కోర్సులో అసైన్‌మెంట్లలో మంచివి 8, 8 వారాల కోర్సులో 6, 4 వారాల కోర్సులో 3 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఆ సగటుకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. సర్టిఫికెట్ రావాలంటే పాతికకు 10, డెబ్బై ఐదుకు 30, రెండూ విడివిడిగా దాటాలి. 12 వారాల కోర్సులో మొదటి నాలుగు వారాలు పూర్తిగా వదిలేసినా, మిగిలిన ఎనిమిదీ బాగా చేస్తే అసైన్‌మెంట్ మార్కుల్లో నయాపైసా పోదన్నమాట. జ్వరమొచ్చి మూడు వారాలు తప్పిపోయిన అమ్మాయి 'ఇక అయిపోయింది' అనుకుని మానేస్తుంది, ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. మూడో వారం గడువు దాటగానే, ఒక్క అసైన్‌మెంటూ పెట్టని వాళ్ల జాబితా తీసి వాళ్లకు మాత్రమే ఇలా రాయండి: 'మూడు వారాలు తప్పాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయి, ఎనిమిది చాలు. అయిదో వారం పాఠాలు మూడో వారం మీద ఆధారపడతాయి, ముందు ఆ మూడో వారం వీడియోలు చూడండి.' ఇందులో మందలింపు ఒక్క ముక్క కూడా లేదని గమనించండి. అదే జాబితా కాలేజీ మెంటరుకు కూడా పంపితే వరండాలో కనిపించినప్పుడు మేం ఒక మాట అడుగుతాం. స్క్రీన్ మీద ఏడు మెయిళ్లు చేయలేని పని వరండాలో ఒక్క మాట చేస్తుంది.

లైవ్ క్లాసుల దగ్గర ఒక చిన్న సాంకేతిక సంగతి చాలామంది గమనించరు. యూట్యూబ్ లైవ్ మామూలు సెట్టింగులో పది సెకన్లకు పైనే, ఒక్కోసారి అర నిమిషం దాకా వెనకబడి నడుస్తుంది. మీరు 'ఎనీ డౌట్స్?' అని ఐదు సెకన్లు ఆగి, 'ఓకే, నో డౌట్స్' అని ముందుకెళ్లిపోతారు. ఆ ప్రశ్న మా పిల్లల చెవిన పడేసరికే మీరు తర్వాతి స్లైడులో ఉంటారు. వాళ్లకు అనుమానాలు లేక కాదు, మీ గొంతు ఇంకా దారిలో ఉంది. ప్రశ్న వేశాక నిమిషం ఆగండి, ఆ నిమిషంలో బోర్డు మీద లెక్క ఒకటి వేస్తూ ఉండండి, లేదా సెట్టింగుల్లో లేటెన్సీని, అంటే ఈ ఆలస్యాన్ని, 'అల్ట్రా లో'కి మార్చండి. ఇంకా మేలైన దారి, ప్రశ్నలు ముందు రోజే ఒక ఫారంలో తీసుకోవడం. గంట క్లాసులో నలభై నిమిషాలు ఆ ప్రశ్నలకు, ఇరవై నిమిషాలు అప్పటికప్పుడు వచ్చినవాటికి. శనివారం సాయంత్రం ఏడు గంటలు మా వైపు అందరికీ కుదురుతుంది, పని రోజుల్లో మధ్యాహ్నం మూడు గంటలు ఎవరికీ కుదరదు.

ఆ ఫారంలో పేరు అడగకండి. చర్చావేదికలో రాస్తే పేరు, ఈమెయిల్ ఐడీ వేలమందికి కనిపిస్తాయి. ఆడపిల్లలు చాలామంది అక్కడ అడగకపోవడానికి అదొక కారణం. తెలివితక్కువ ప్రశ్న అనుకుంటారేమోనన్న భయం అందరికీ ఉన్నదే. పేరు లేకుండా వచ్చిన ప్రశ్నను అసిస్టెంటే వేదిక మీద పెట్టి జవాబిస్తే, అడగనివాళ్లు పదిమంది కూడా చదువుకుంటారు. వాట్సాప్ గ్రూపులకూ ఇదే జాగ్రత్త. గ్రూపులో చేరిన ప్రతివారి ఫోన్ నంబరూ మిగతా అందరి చేతికీ వెళ్తుంది, ఆ తర్వాత ముక్కూమొహం తెలియని వాళ్ల నుంచి 'హాయ్'లు మొదలవుతాయి. ప్రకటనలకే అయితే వాట్సాప్ చానెల్ పెట్టండి, అందులో ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

గ్రూపులను నిషేధించడం మాత్రం వృథా. మంగళవారం రాత్రి జవాబుల స్క్రీన్‌షాట్లు తిరిగేది అక్కడే, మాకు తెలుసు. బద్ధకం కొంత, కానీ అధికారిక వేదిక నిద్రపోతున్న వేళ ఆ గ్రూపు మేలుకుని ఉంటుందన్నది ఇంకాస్త. పైన చెప్పిన గంటన్నర మంగళవారం రాత్రి మీరు కూర్చుని చూడండి, తేడా అసైన్‌మెంటుకూ పరీక్షకూ మధ్య మార్కుల్లో కనిపించాలి. స్క్రీన్‌షాట్ చూసి నింపినవాడికి అసైన్‌మెంట్లో తొంభై ఐదు, పరీక్షలో ముప్పై వస్తాయి. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని విద్యార్థుల వారీగా కాకపోయినా కోర్సు మొత్తానికి లెక్కేసి చూసుకుంటే మీ చర్చావేదిక ఎలా పనిచేసిందో కొంత తెలుస్తుంది.

చివరగా భాష. దీని మీద మాకు గట్టి అభిప్రాయమే ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చిన పిల్లలు పాఠం ఇంగ్లీషులో వింటారు, ఓ మోస్తరుగా అర్థం చేసుకుంటారు. కానీ అర్థం చేసుకోవడం వేరు, అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో చెప్పగలగడం వేరు. రెండోది చాలా కష్టం. 'ఈ స్టెప్పు ఇక్కడికి ఎలా వచ్చిందో తెలియట్లేదు, పైన మైనస్ ఉంది కదా' అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టలేక 'ఐ హావ్ డౌట్ సార్' అని రాసి ఊరుకుంటారు. ఎన్‌పీటెల్ పాఠాల లిఖిత ప్రతులు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి వస్తున్నాయి, సంతోషం. పాఠం తెలుగులో ఇచ్చి ప్రశ్న మాత్రం ఇంగ్లీషులోనే అడగమంటే, అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టుంది.

అసిస్టెంటుకు తెలుగు రాకపోతే? అనువాద యంత్రం వాడండి, కానీ విద్యార్థులకు ఒక సూచన ఇచ్చాకే: వాక్యం తెలుగు లిపిలో రాయండి, సాంకేతిక పదం మాత్రం పాఠంలో విన్నట్టే ఇంగ్లీషులో ఉంచండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును యంత్రం తరచూ తికమక చేస్తుంది. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే తెలుగు లిపిలోనే పడుతుంది, టైపు చేసే బాధ కూడా లేదు. సాంకేతిక పదాన్ని ఎందుకు తిప్పొద్దంటున్నామంటే, తెలుగు మీడియం భౌతికశాస్త్రంలో వడి అంటే స్పీడు, వేగం అంటే వెలాసిటీ. బజారు తెలుగులో వేగమంటే స్పీడే, యంత్రం నేర్చుకున్నదీ బజారు తెలుగే. అలాగే శక్తి అంటే ఎనర్జీ, సామర్థ్యం అంటే పవర్, బలం అంటే ఫోర్స్. పిల్లవాడు 'శక్తి' అని రాస్తే యంత్రం 'పవర్' అని తిప్పొచ్చు, అసిస్టెంటు జూళ్లు అడిగినవాడికి వాట్ల లెక్క చెబుతాడు. ఇద్దరి తప్పూ లేకుండానే మాట దారి తప్పింది. మూడు పదాలు అలాగే వదిలేస్తే తప్పేది కాదు.

ఒక్కో కోర్సుకు తెలుగు తెలిసిన మెంటరు ఒకరుంటే యంత్రం అవసరమే ఉండదు. సబ్జెక్టు చెబుతున్న లెక్చరర్లు మా కాలేజీల్లో ఉన్నారు. వారానికి రెండు గంటలు, సోమవారం, మంగళవారం రాత్రి, చర్చావేదికలో మీ అసిస్టెంట్ల పక్కన కూర్చోవడానికి మేం సిద్ధం. డబ్బు అడగడం లేదు. వేదికలో జవాబిచ్చే అనుమతి, సరైన జవాబులు గడువు ముందు మాకు చూపించాల్సిన పని లేకుండా దారి చెప్పడానికి మీ లెక్చర్ నోట్సు, సందేహమొస్తే అడగడానికి ఒక అసిస్టెంటు పేరు ఇస్తే చాలు. మా యాజమాన్యాలకు కూడా ఇక్కడే ఒక మాట: ఒక్కో మెంటరుకు తనకు సంబంధం లేని సబ్జెక్టులో అరవై మందిని అంటగట్టి 'స్టేటస్' షీటు అడగడం వల్ల పాసయినవాళ్ల సంఖ్య పెరగదు. ఆ అరవై మందిలో అదే సబ్జెక్టు తెలిసిన లెక్చరరు దగ్గరికి పదిహేను మందిని పంపండి.

వచ్చే సెమిస్టర్ మొదటి వారం మెయిల్‌లో జవాబులిచ్చే మూడు వేళలు, తెలుగులో అడగొచ్చన్న వాక్యం, తప్పులు చెప్పే దారి కనిపిస్తే, దాన్ని ప్రింటు తీసి ప్రతి బ్లాకు నోటీసు బోర్డుకూ అంటించే పని, మొదటి రెండు వారాలు ప్రశ్న ఎలా రాయాలో పక్కన కూర్చుని నేర్పించే పని మాది.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో ఆన్‌లైన్ కోర్సుల మెంటర్లుగా ఉన్న కొందరు లెక్చరర్లు